‘ఆల్ ఇన్’ అంటే సర్వస్వం కాదు

తెలుగులో వెలువడుతున్న వ్యక్తిత్వ వికాస గ్రంథాలలో, వ్యాపారవేత్తల ప్రసంగాలలో, చివరికి సినిమా ముచ్చట్లలో కూడా ఒక మాట తరచుగా తగులుతోంది: ‘ఆల్ ఇన్’. దానికి ‘సర్వస్వం ఒడ్డడం’ అని అర్థం చెబుతున్నారు. ఉద్యోగం మానేసి వ్యాపారంలోకి దూకినవాడు ఆల్ ఇన్. ఇల్లు తాకట్టు పెట్టి సినిమా తీసినవాడు ఆల్ ఇన్. గెలిచినవాణ్ణే వేదిక ఎక్కిస్తారు కనుక ఆ మాటకు ధైర్యమన్న అర్థం స్థిరపడిపోయింది. మాట పుట్టినచోటు పేకబల్ల. అక్కడ దానికి ఈ అర్థం లేదు.

ఈ సంగతి గ్రహించడానికి చదవవలసిన పుస్తకం 2007లోనే వచ్చింది. మాట్ ఫ్లిన్, సన్నీ మెహతా, ఎడ్ మిల్లర్ కలిసి రాసిన ‘ప్రొఫెషనల్ నో-లిమిట్ హోల్డెమ్’ మొదటి సంపుటం అది. (మెహతా తరువాత ఐస్ హాకీ జట్ల గణాంక విశ్లేషణకు వెళ్ళాడు. లెక్కలు వచ్చినవాడికి బల్ల ఏదైతేనేం.) వచన సౌందర్యం కోసం దీన్ని ఎవరూ చదవరు. అయినా ఒకే ఒక ప్రశ్నను పట్టుకుని పుస్తకమంతా దాని వెంట నడవడం అరుదైన నిష్ఠ. ఆ ప్రశ్న: ముందున్న స్టాక్ మొత్తాన్ని ఎప్పుడు పెట్టాలి? జవాబు మరింత అరుదైనది: పెట్టే క్షణంలో నిర్ణయించుకునే విషయం కాదు అది, చాలా ముందే తేల్చుకోవాలి.

ఆట తెలియనివారికి నాలుగు మాటలు. ప్రతి ఆటగాడికీ రెండు ముక్కలు మూసి ఇస్తారు. బల్ల మధ్య ఐదు ముక్కలు తెరుస్తారు: మొదట మూడు, అది ఫ్లాప్, తరువాత ఒకటి, టర్న్, చివర ఒకటి, రివర్. ఫ్లాపుకు ముందొకసారి, ప్రతి మజిలీలో ఒకసారి, మొత్తం నాలుగు దఫాల పందెం. నో-లిమిట్ అంటే ఏ దఫాలోనైనా ఆటగాడు తన ముందున్న చిప్స్ అన్నీ నెట్టవచ్చు. ఇక్కడ ‘తన ముందున్న’ అన్న మాట ప్రాణం. చేయి మొదలయ్యేటప్పటికి బల్ల మీద ఎంత ఉందో అంతే పందెం. జేబులోని పర్సు, చేతి గడియారం, ఊళ్ళో ఉన్న పొలం ఆ చేతిలోకి రావు. ఈ నియమాన్నే టేబుల్ స్టేక్స్ అంటారు. ఇద్దరిలో తక్కువ చిప్స్ ఉన్నవాడి మొత్తమే అసలు పందెం; ఎక్కువున్నవాడి మిగులు కదలదు. తెలిసిన ఆటగాడు తన ఆట సొమ్ములో ఇరవయ్యో వంతో, ముప్ఫయ్యో వంతో తెచ్చి బల్ల దగ్గర కూర్చుంటాడు. అతడు ఆల్ ఇన్ అన్నప్పుడు ఒడ్డింది ఆ వంతు. సర్వస్వం ఇంట్లో భద్రంగా ఉంది.

ఇక లెక్క. పెద్ద బ్లైండ్ ఒకటి, చిన్న బ్లైండ్ అర, ఇద్దరి ముందూ నూరేసి అనుకుందాం. ఒకడు మూడుకు పెంచాడు, ఇంకొకడు కాల్ చేశాడు, బ్లైండ్ల వాళ్ళు తప్పుకున్నారు. ఫ్లాపు నాటికి పాట్‌లో ఏడున్నర. ఒక్కొక్కడి ముందు తొంభైఏడు. స్టాకును పాట్‌తో భాగిస్తే దాదాపు 13. ఈ నిష్పత్తికి పుస్తకం ఒక పేరు పెట్టింది: స్టాక్-టు-పాట్ రేషియో. పదమూడు అంటే ఏమిటి? ఏడున్నర పందెం కాస్తే, కాల్ తరువాత పాట్ ఇరవైరెండున్నర. అంత మళ్ళీ కాస్తే అరవైఏడున్నర. అంత మళ్ళీ కాస్తే స్టాక్ ఖాళీ. ఒకటి, మూడు, తొమ్మిది కలిపితే పదమూడు. పాట్ నిండా మూడు పందేలు, మూడు మజిలీలు. చేతిలో ఆసు, రాజు ఉండి ఫ్లాపులో ఒక ఆసు పడినవాడికి ఇదే అతి కష్టమైన చోటు. మొదటి పందేనికి నాసి ముక్కలతోనూ కాల్ వస్తుంది. మూడో పందేనికి కూడా నిబ్బరంగా డబ్బు పెట్టేవాడి చేతిలో మామూలుగా ఉండేది అంతకన్నా మంచి ముక్కలే.

అదే ఆసు-రాజుతో అతడు ఎదుటివాడి మూడును పన్నెండుకు పెంచాడనుకోండి. కాల్ వస్తే పాట్ ఇరవైఐదున్నర, ముందున్నది ఎనభైఎనిమిది, నిష్పత్తి మూడున్నర. రెండు పందేలతో స్టాక్ అయిపోతుంది. ఇక్కడ అదే ఆసు జతను పడేయడం చాలాసార్లు తప్పు. ముక్కలు మారలేదు, మనిషి మారలేదు. ఫ్లాపుకు ముందు ఎంతకు పెంచాడన్నదే మారింది. స్టాక్ మొత్తం పెట్టాలా వద్దా అన్న నిర్ణయం బల్ల మధ్య ఒక్క ముక్క కూడా తెరవకముందే, ఎవరూ గమనించని ఆ పన్నెండులో జరిగిపోయింది. టెలివిజన్‌లో చిప్స్ గుట్టను రెండు చేతులతో ముందుకు నెట్టే దృశ్యం అప్పటికే రాసిన తీర్పును చదివి వినిపించడం మాత్రమే. అక్కడ వీరత్వాన్ని వెతికేవారు సంతకాన్ని చూసి ఒప్పందమనుకుంటున్నారు.

పుస్తకం ఒక గట్టు కూడా గీస్తుంది. స్టాకులో దాదాపు మూడో వంతు పాట్‌లోకి వెళ్ళే పందెం దగ్గర ఆగి ఆలోచించాలి. అది దాటితే చివరిదాకా వెళ్ళడానికి సిద్ధపడి దాటాలి. కారణం నూటి లెక్కలో తేలుతుంది. చెరొక ముప్ఫైమూడు పెట్టారు, మిగిలిన అరవైఏడు ఎదుటివాడు నెట్టాడు. అరవైఏడు పెట్టి రెండువందల పాట్ కోసం పోటీ. మూడింట ఒకసారి గెలిస్తే చాలు. సగం పెట్టిన తరువాతైతే నాలుగింట ఒకసారి చాలు. గట్టు దాటినకొద్దీ వెనక్కి తగ్గడం ఖరీదవుతుంది.

ఈ సూత్రాన్ని సగం చదివి పాడుచేసినవారు లెక్కలేనంతమంది. ‘పాట్ కమిటెడ్’ అన్నది బల్ల దగ్గర అత్యంత చౌకైన సాకు. చేతిలో ఆసుల జత, ఫ్లాపులో ఏడు ఉంది, ఎదుటివాడి చేతిలో ఏడుల జత అని రూఢిగా తెలుసుననుకుందాం. మూడు ఏడుల మీద ఆసుల జత గెలిచేది నూటికి సుమారు తొమ్మిది సార్లు. సగం స్టాక్ పెట్టేసినా సరే, కావలసింది ఇరవైఐదు, ఉన్నది తొమ్మిది, పడేయవలసిందే. తొమ్మిదితో కాల్ చేయడం సరిపోవాలంటే నూటికి ఎనభైరెండు అప్పటికే లోపలికి పోయి పద్ధెనిమిదే మిగిలి ఉండాలి. మరోవైపు, ఎదుటివాడు సగం సార్లు మూడు ఏడులతోనూ, సగం సార్లు చిన్న జతతోనూ ఇదే పందెం కాసే మనిషి అయితే తొమ్మిదికీ ఎనభైకీ సగటు నలభైనాలుగు దాటుతుంది, అప్పుడు పెట్టవలసిందే. నిర్ణయాన్ని నడిపేది ఎదుటివాడి చేతిలో ఉండగల ముక్కల జాబితా. ‘ఇంత పెట్టాను కదా’ అన్న ఏడుపుకు ఆ లెక్కలో గడి లేదు.

అయితే పెట్టిన డబ్బు పేకాటలో నిజంగానే లెక్కకు వస్తుంది. పెట్టినవాడి సొమ్ముగా రాదు, గెలిచినవాడికి దక్కే బహుమతిగా వస్తుంది. పోయింది ఇంకా బల్ల మధ్యనే ఉంది. పేకబల్ల నుంచి జీవితానికి పాఠాలు మోసుకుపోయేవారు దారిలో జారవిడిచేది సరిగ్గా దీన్నే. పదేళ్ళు నష్టాల్లో నడిచిన వ్యాపారంలో పోసిన డబ్బు ఏ పాట్‌లోనూ లేదు, ఖర్చయిపోయింది. ఐసీయూలో మూడు వారాలు వెంటిలేటర్ మీదున్న రోగి కుటుంబం ‘ఇంతదూరం వచ్చాం కదా డాక్టరుగారూ’ అంటుంది. ఆ మూడు వారాల బాధను తిరిగి గెలుచుకునే పాట్ అక్కడ లేదు. వైద్యుడు కూడా అదే మాట తనలో తాను అనుకుంటూ మరో డయాలిసిస్‌కు రాస్తాడు. ఆ వృత్తిలో వివేకవంతులు చేసేది గట్టును ముందే గీయడం: ఇన్ని రోజులు పూర్తి చికిత్స ఇద్దాం, ఈ ఈ గుర్తులు మెరుగుపడకపోతే మళ్ళీ కూర్చుని మాట్లాడుకుందాం అని మొదటిరోజే కుటుంబంతో చెప్పడం. పేకాట పుస్తకం నుంచి ఆసుపత్రికి నిజంగా నేర్చుకోదగినది ఏదైనా ఉంటే అది ఇదే. పైగా అక్కడ ఒడ్డే స్టాక్ వైద్యుడిది కాదు. ఆల్ ఇన్ అనే మాట ఆ గదిలో ఎవరి నోట వచ్చినా అసహ్యమే.

దూకుడును తక్కువచేసి చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. మొత్తం నెట్టడానికీ, నెట్టినదానికి కాల్ చేయడానికీ ఎంత తేడానో చూడండి. పాట్‌లో నూరు, ఇద్దరి ముందూ నూరేసి. చేతిలో రెండు ఇస్పేట్లు, ఫ్లాపులో మరి రెండు. ఇంకొకటి పడితే ఫ్లష్. రెండు ముక్కలు రావలసి ఉండగా అది పడే అవకాశం నూటికి ముప్ఫైఐదు. ఎదుటివాడు నూరు నెడితే కాల్ చేసినవాడికి సగటున మిగిలేది ఐదు. అదే నూరు తానే ముందుగా నెట్టి, ఎదుటివాడు పదింట నాలుగుసార్లు పడేస్తాడనుకుంటే సగటు లాభం నలభైమూడు. ముందు నెట్టినవాడికి గెలవడానికి రెండు దారులు, కాల్ చేసినవాడికి ఒకటే. డేవిడ్ స్క్లాన్‌స్కీ సెమీ-బ్లఫ్ గురించి చెప్పింది ఇదే. పందేనికి ఎప్పుడూ కాల్ చేసేవాడు ఎదురైతే ఆ నలభైమూడు మళ్ళీ ఐదుకు దిగుతుంది. ఆ బల్ల దగ్గర ‘ధైర్యం’ అనేది ఎదుటివాడు పడేయగలడా అన్న అంచనాకు ఇంకో పేరు.

టోర్నమెంటుల సంగతి వేరు. పది బ్లైండ్లు మిగిలినవాడు మొత్తం నెట్టడం సాహసం కాదు, చోటు లేకపోవడం. డాన్ హారింగ్టన్ పుస్తకాలలో దీని వివరం చాలినంత ఉంది.

జనం గుర్తుపెట్టుకునేవి ఇవి కావు. డాయిల్ బ్రన్సన్ 1976లోనూ, 1977లోనూ ప్రపంచ పోటీని పది-రెండు అనే పనికిమాలిన ముక్కలతో ముగించాడన్నది గుర్తుంటుంది. ఆ రెండుచోట్లా రివర్ ముక్క కలిసివచ్చి ఫుల్ హౌస్ పడిందన్నది అంతగా గుర్తుండదు. ఫలితాన్ని చూసి నిర్ణయాన్ని మెచ్చుకునే ఈ జబ్బు గురించే ఆనీ డ్యూక్ 2018లో ‘థింకింగ్ ఇన్ బెట్స్’ రాసింది. మంచి పుస్తకమే. కానీ జీవితాన్ని పందేల వరుసగా చూడమనే ఆ బోధలో టేబుల్ స్టేక్స్ గురించి ఉండవలసినంత పట్టింపు లేదు. బల్ల అంచు ఎక్కడుందో చెప్పకుండా పందెం గురించి చెప్పడం, ఒడ్డు చూపకుండా ఈత నేర్పడం లాంటిది. ఆమే 2022లో ఎప్పుడు మానుకోవాలో చెబుతూ ‘క్విట్’ రాసింది. మన వేదికల మీద మాట్లాడేవారు మొదటి పుస్తకం అట్టనే తిప్పుతారు. రెండో దాని ఊసు రాదు.

బల్ల అంచు లేని ఆట ఎలా ఉంటుందో తెలుగు పాఠకుడికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. నన్నయ సభాపర్వం చదివినవాడికి తెలుసు. ధర్మరాజు ధనం ఒడ్డాడు, రాజ్యం ఒడ్డాడు, నకులుణ్ణి, సహదేవుణ్ణి, అర్జునుణ్ణి, భీముణ్ణి, ఆపైన తనను, చివరికి ద్రౌపదిని. ప్రతి ఓటమి తరువాతా పణం కొత్తగా పుట్టుకొచ్చింది. శకుని మోసాన్ని తీసేసినా ఆ ఆట గెలవలేనిదే, ఎందుకంటే ఓడినవాడు లేచిపోవలసిన క్షణమంటూ దానిలో లేదు. నిండుసభలో ద్రౌపది వేసిన ప్రశ్న, తనను తాను ముందు ఓడాడా, నన్ను ముందు ఓడాడా అన్నది, ధర్మశాస్త్ర ప్రశ్నగానే ఇన్నాళ్ళూ చదువుతున్నారు. అది టేబుల్ స్టేక్స్ ప్రశ్న కూడా. చిప్స్ అయిపోయినవాడు ఇంకేమి ఒడ్డగలడు? భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు. ఏ పేకగదిలోనైనా ముక్కలు పంచే ఉద్యోగి ఒక్క మాటలో తేల్చి ఉండేవాడు: చెల్లదు.

ఇది పాత కథ కాదు. సికిందరాబాదు క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అన్నది. ఫోన్లలోకి రమ్మీ వచ్చాక కంపెనీలు ఆ మాటనే కవచంగా తొడుక్కున్నాయి. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. 2025లో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదన అరవై ఏళ్ళుగా నడుస్తూనే ఉంది. అది తప్పు ప్రశ్న. నైపుణ్యం ఉందనే ఒప్పుకుందాం. ఈ పుస్తకం ప్రతి పుటలోనూ ఉన్నది అదే. అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు తెలుగు పత్రికలలో వచ్చినప్పుడల్లా అడగవలసింది వేరు: బల్ల అంచు ఎక్కడుంది? ఓడిన మరుక్షణం వేలి తాకుడుతో మళ్ళీ డబ్బు, దాని పక్కనే అప్పిచ్చే మరో ఆప్. ఆ తెర మీద ఒక్కొక్క చేతికి హద్దు ఉండవచ్చు, రాత్రికి లేదు.

పుస్తకంలో లోపాలున్నాయి. ఆట ఆనాటిది, కంప్యూటర్ సాల్వర్లు వచ్చాక మూడో వంతు గట్టు వంటి మోటు కొలతలను నేటి నిపుణులు యథాతథంగా ఒప్పుకోరు. చిన్న చిన్న పందేలు కాసి, పెంచితే పడేసే ధోరణి ఇప్పుడు మామూలు. నిష్పత్తిని పట్టుకుని ఎదుటివాడిని మరిచిపోయే పాఠకుణ్ణి ఈ పుస్తకమే తయారుచేసిందన్న నింద కొంత నిజం. అయినా ముందు చదవవలసింది దీన్నే, పెన్సిలు పట్టుకుని, కూడికలు తానే చేసుకుంటూ. తెలుగులోకి ఎవరైనా తెస్తే ఒక్క మనవి: ఆల్ ఇన్‌కు ‘సర్వస్వం’ అని మాత్రం రాయవద్దు. ‘ముందున్నదంతా’ అంటే సరిపోతుంది.