నిజం రాస్తే లైసెన్సుకే ఎసరు

అమెరికాలో చిన్న విమానం కూలి పైలట్ మరణిస్తే రక్త, కణజాల నమూనాలు ఓక్లహామా సిటీకి వెళ్తాయి. విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ప్రయోగశాల ఉన్నది అక్కడే. పైలట్ బతికుండగా వైద్య దరఖాస్తులో రాయని మందులు కొన్నిసార్లు అక్కడ బయటపడతాయి.

1990-2012 మధ్య ప్రమాదాల్లో చనిపోయిన 6,677 మంది పైలట్ల పరీక్షా ఫలితాలను అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2014లో విశ్లేషించింది. వారిలో అత్యధికులు ఎయిర్‌లైన్స్ పైలట్లు కారు. పనితీరును దెబ్బతీయగల మందుల్లో ఎక్కువమందిలో కనిపించింది కొకైనో గంజాయో కాదు, డైఫెన్‌హైడ్రమిన్. మన ఇళ్లలో దగ్గుకు వాడే బెనాడ్రిల్‌లో ఉండే మందే. 2000లో వెలువడిన అయోవా విశ్వవిద్యాలయ ప్రయోగంలో, డ్రైవింగ్ సిమ్యులేటర్ ముందు కూర్చోబెడితే పాల్గొన్నవారు ఈ మందు వేసుకున్నప్పుడు మద్యం తాగినప్పటికన్నా అధ్వానంగా నడిపారు. మగత గురించి వాళ్లు చెప్పిన మాటకూ, నడిపిన తీరుకూ పెద్దగా పొంతన కుదరలేదు. ‘నాకేం కాలేదు’ అనుకుని ఎక్కేవాడే ప్రమాదకరం అన్నమాట. ఈ మందు వేసుకుంటే 60 గంటలు ఆగాలంటుంది ఎఫ్‌ఏఏ; మద్యానికి మాత్రం కనీస గడువు 8 గంటలే! రక్తంలో మందు దొరికినంత మాత్రాన ప్రమాదానికి అదే కారణమని తేల్చలేం, నిజమే. కానీ చిన్న విమానంలో సాధారణంగా పక్కన రెండో పైలట్ ఉండడు, పొరపాటును సరిదిద్దే చెయ్యి ఉండదు.

ఆత్మహత్యల లెక్క వేరు. 2003-2012 మధ్య అమెరికాలో జరిగిన 2,758 ప్రాణాంతక విమాన ప్రమాదాల్లో ఆత్మహత్యలుగా తేలినవి 8. ఆ ఎనిమిది మంది పైలట్లలో నలుగురి ఒంట్లో మద్యం ఉంది. 2010లో ఆస్టిన్‌లో పన్నుల కార్యాలయం ఉన్న భవనాన్ని ఒక పైలట్ తన విమానంతో ఢీకొట్టిన ఘటన లాంటివే పతాక శీర్షికలకెక్కుతాయి.

అసలు చిక్కు ఎఫ్‌ఏఏ వైద్య దరఖాస్తులోని 18వ ప్రశ్న దగ్గరుంది. జీవితంలో ఎప్పుడైనా కుంగుబాటు, ఆందోళన వంటివి ఉన్నాయా అని అడుగుతుంది. అబద్ధం రాస్తే అయిదేళ్ల దాకా జైలు. నిజం రాస్తే కొందరు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి నేల మీదే ఉండాల్సి వస్తుంది. అమెరికాలో శిక్షణకు వెళ్లే మన పిల్లలూ నింపాల్సింది ఈ దరఖాస్తునే. 2010 దాకా కుంగుబాటు మందు వాడితే వైద్య ధ్రువీకరణ దక్కేదే కాదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో నాలుగు మందులకు షరతులతో అనుమతిచ్చారు. అయినా భయం పోలేదు. 2021లో నార్త్ డకోటాలో ప్రాణం తీసుకున్న విమానయాన విద్యార్థి, సాయం అడిగితే ఎగిరే అవకాశం పోతుందన్న దిగులును ఇంటివాళ్లకు రాసిన లేఖలో చెప్పుకున్నాడు.

ఎఫ్‌ఏఏ నియమించిన నిపుణుల బృందం 2024లో 24 సిఫార్సులు చేసింది. మాటల ద్వారా ఇచ్చే చికిత్సను పైలట్లు వెల్లడించనక్కర్లేకుండా చూడాలన్నది వాటిలో ముఖ్యమైనది. ఈ సిఫార్సుకు జంకడం అర్థరహితం. 2017 నుంచి బేసిక్‌మెడ్ అనే విధానం కింద, ఒకసారి ఎఫ్‌ఏఏ వైద్య ధ్రువీకరణ పొందిన చిన్న విమానాల పైలట్లు నాలుగేళ్లకోసారి మామూలు డాక్టరుకు చూపించుకుని, రెండేళ్లకోసారి ఆన్‌లైన్ కోర్సు చేస్తే చాలు. ఆ మధ్యకాలంలో తమ ఆరోగ్యానికి పూచీ తామే. ఒంటి ఆరోగ్యం విషయంలో పైలట్ మాటను అంతగా నమ్మే వ్యవస్థ, కౌన్సెలర్ దగ్గరకు వెళ్లినవాణ్ని అనుమానించడం ఏం న్యాయం?