కందం ఇరుకన్న వాదానికి లెక్కతో జవాబు

కందపద్యం నిషేధాల పుట్ట అనీ, ఆ నిషేధాలే తెలుగు కవి గొంతు నులిమాయనీ, ఆ ఇరుకు పడలేకనే వేమన ఆటవెలదిని చేపట్టాడనీ ఈమధ్య సాహిత్య సభలలో తరచుగా వినవస్తున్నది. ఈ మాట అనేవారు ఆ ఇరుకు ఎంతో కొలిచి చెప్పిన దాఖలా మాత్రం కనిపించదు.

లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. ఈ రెండింటితో నాలుగు మాత్రలను ఐదు విధాలుగానే నింపగలం, అవే గగ, భ, జ, స, నల గణాలు. మాత్రలు ఒక్కొక్కటి పెరిగేకొద్దీ రూపాలు 1, 2, 3, 5, 8గా పెరుగుతాయని, ఫిబొనాచీ 1202లో గ్రంథం రాయడానికి శతాబ్దాల ముందే విరహాంకుడు గుర్తించాడు. కందంలో ఒక్కొక్క సగానికి ఎనిమిది గణాలు: మొదటి పాదంలో మూడు, రెండవ పాదంలో ఐదు. బేసి గణం జగణం కారాదు కనుక అక్కడ నాలుగేసి అవకాశాలు. ఆరవది జగణమో నలమో కావాలి. ఎనిమిదవది గురువుతో ముగియాలి కనుక గగమో సగణమో కావాలి. రెండవ, నాలుగవ గణాలకు ఏ అడ్డూ లేదు. వీటిని గుణిస్తే సగానికి 25,600, పూర్తి పద్యానికి 65,53,60,000 రూపాలు వస్తాయి.

అయితే పాదాలను ఒకదాని కింద ఒకటి రాసి లఘువుకు 0, గురువుకు 1 వేస్తే నిలువు నియమం ఒకటి బయటపడుతుంది. ప్రాసకు ముందరి అక్షరం నాలుగు పాదాలలోనూ ఒకే తూకంలో ఉండాలి కనుక, మొదటి నిలువు వరుస అంతా 0లో, అంతా 1లో కావాలి. గురువుతో మొదలయ్యే సగాలు 5,120. నాలుగవది జగణమైనా కావచ్చు కనుక లఘువుతో మొదలయ్యేవి 7,680. ఈ రెండింటి వర్గాల మొత్తం 8,51,96,800.

ఇక స్వేచ్ఛకు మారుపేరుగా చూపే ఆటవెలది సంగతి. సూర్యగణాలు రెండు, ఇంద్రగణాలు ఆరు, బేసి పాదానికి 288, సరి పాదానికి 32 రూపాలు, మొత్తం 8,49,34,656. ఇరుకని నిందపడ్డ కందానికే 2,62,144 రూపాలు ఎక్కువ! తేటగీతికి 687 కోట్లకు పైగా ఉన్నాయని ఎవరైనా అడ్డుపడవచ్చు; ఉండనీ, సుమతీ శతకకారుడికి కందంలో చోటు చాలకపోలేదు.

తిరుపతి వేంకట కవులు అవధానాలతో మారుమోగించిన గోదావరి సీమలో, పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డు తగిలే నిషిద్ధాక్షరికి చప్పట్లు కొట్టి, కందం దగ్గరకు వచ్చేసరికి నియమాలు క్రూరమనడం ఏ న్యాయమో ఈ వాదులే చెప్పాలి. రాయవరం బడిపిల్లవాడి చేతనైనా, అమలాపురం కళాశాల విద్యార్థి చేతనైనా కందలక్షణాన్ని వల్లె వేయించి వదిలేసే బోధన ఈ అజ్ఞానానికి ఎరువు వేస్తున్నది. లక్షణంతోపాటే ప్రస్తారం, అంటే రూపాలన్నిటినీ వరుసగా రాసే పద్ధతి, పలకమీద వేయించాలి. ద్విపదతో మొదలుపెట్టవచ్చు: పాదానికి 432 రూపాలు, ప్రాసను పాటిస్తే రెండు పాదాలకు 93,312.