‘లేచిపోయింది’ అనే తీర్పు

పెళ్ళికాని పిల్ల ఒకతె పొద్దుగుంకినా ఇల్లు చేరలేదు. ఆమె ఏమై వుంటుందన్న ప్రశ్నకు ఎన్నో జవాబులు వుండవచ్చు. బండి గుద్ది ఆస్పత్రిలో పడి వుండవచ్చు. వాగు దాటుతూ కాలు జారి వుండవచ్చు. ఎవడో ఎత్తుకుపోయి వుండవచ్చు. ఇల్లు భరించలేక తనంత తానే వెళ్ళిపోయి వుండవచ్చు. కాని మన సంఘం ఇన్ని జవాబుల్లోనూ ఒక్కదాన్నే, అదీ ఏ విచారణా లేకుండా, ఎన్నుకుంటుంది: ‘ఎవడితోనో లేచిపోయింది.’ మగపిల్లవాడు ఇంటికి రాకపోతే ఏమయ్యాడని వెతుకుతారు. ఆడపిల్ల రాకపోతే ఎవడితో పోయిందని అడుగుతారు.

ఈ మాట వట్టి నోటి దురుసు కాదు. ఇది ఒక తీర్పు. ఆడపిల్ల కనిపించకుండా పోయిన క్షణంలోనే ఆమెను బాధితురాలి స్థానం నుంచి ముద్దాయి స్థానానికి మార్చే తీర్పు. ఈ తీర్పు వల్ల ఎవరు నష్టపోతున్నారో, ఎవరు లాభపడుతున్నారో చూపటమే ఈ వ్యాసంలో నా ఉద్దేశం.

యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలో హాజీపూర్ అనే వూరుంది. 2019 ఏప్రిల్ 25న చదువుకోవటానికి వెళ్ళిన 14 ఏళ్ళ బాలిక ఒకతె ఇంటికి తిరిగి రాలేదు. వెతగ్గా పాడుబడ్డ బావిలో ఆమె శవం దొరికింది. మరి కొద్దిరోజుల్లో అక్కడి బావుల్లోనే ఇంకో ఇద్దరి అవశేషాలు బయటపడ్డాయి. ఒకరు 2015లో కనిపించకుండా పోయిన 11 ఏళ్ళ పాప. రెండోవారు 2019 మార్చిలో మాయమైన కాలేజీ విద్యార్థిని. 2020 ఫిబ్రవరి 6న నల్లగొండలోని ప్రత్యేక న్యాయస్థానం ముద్దాయికి మరణశిక్ష విధించింది. పత్రికలకు సంబంధించినంతవరకు కథ అక్కడితో ముగిసింది.

నాకు సంబంధించినంతవరకు కథ మొదలయ్యేది అక్కడే. మార్చికీ ఏప్రిల్ చివరికీ నడుమ సుమారు ఏడు వారాలున్నాయి. ఆ ఏడు వారాలూ ఆ విద్యార్థినిని ఎవరు వెతికారు? ఆమె ఎవరితోనో వెళ్ళిపోయి వుంటుందనుకున్నారనీ, పరువు పోతుందన్న భయంతో ఇంటివాళ్ళు పోలీసులకు ఫిర్యాదు చెయ్యలేదనీ ఆనాటి పత్రికలు రాశాయి. ఈ మాట చదివి ఆ తల్లిదండ్రులను నిందించటం చాలా సులభం. అది అంత అన్యాయం కూడా. మన పల్లెల్లో ఆడపిల్ల కోసం పోలీసు స్టేషను మెట్లెక్కటమంటే వూరందరికీ చాటింపు వెయ్యటమే. చాటింపు పడ్డాక ఆ పిల్ల క్షేమంగా తిరిగి వచ్చినా ఆమెకు పెళ్ళి కాదు. చెల్లెళ్ళకు సంబంధాలు రావు. కూతురు దక్కుతుందో లేదో తెలియదు గాని పరువు పోవటం మాత్రం ఖాయం. ఈ లెక్కను ఆ తల్లిదండ్రులు కనిపెట్టలేదు. సంఘం వాళ్ళ చేతిలో పెట్టింది.

మార్చిలోనే వెతుకులాట సాగి వుంటే ఏప్రిల్‌లో ఆ 14 ఏళ్ళ పిల్ల బతికి వుండేదేమో. ఖాయంగా చెప్పలేం. కాని హంతకుడికి ఆ ఏడు వారాల గడువు ఇచ్చింది ‘పరువు’ అన్న సంగతి మాత్రం ఖాయం. అతనికి తోడ్పడింది మరొకటి కూడా వుంది. ఆ వూరికి సరయిన బస్సు వసతి లేదు. ఆడపిల్లలు దారిన పోయే బండెక్కి ఇల్లు చేరవలసిన స్థితి. అతను బండి మీద ఎక్కించుకుపోయాడు. ఆడపిల్లల శీలాన్ని గురించి అంత ఆందోళన పడే సంఘానికి, వాళ్ళ ప్రయాణానికి ఒక బస్సు ఏర్పాటు చెయ్యాలన్న ఆందోళన ఎందుకు కలగలేదు?

ఇక ఈ తీర్పువల్ల లాభపడేవాళ్ళలో మొదటివాడు పోలీసు. ‘లేచిపోయింది’ అంటే కేసు లేదు, గాలింపు లేదు, పైవాళ్ళకు జవాబు చెప్పుకునే పనీ లేదు. వూరి అనుమానం అతని సోమరితనానికి సాక్ష్యంగా నిలబడుతుంది.

ఢిల్లీ పక్కన నోయిడాలో నిఠారీ అనే వూరు నగరంలో కలిసిపోయింది. బతుకుతెరువు కోసం వలసవచ్చిన కూలీలూ, రిక్షావాళ్ళూ, ఇళ్ళలో పనిచేసేవాళ్ళూ అక్కడ కాపురం వుండేవారు. 2005, 2006 సంవత్సరాల్లో వాళ్ళ పిల్లలు ఒకరి తరవాత ఒకరు మాయమయ్యారు. తల్లిదండ్రులు స్టేషను చుట్టూ తిరిగితే తరిమేశారు. 2006 మే నెలలో ఒక యువతి కనిపించకుండా పోయింది. తండ్రి ఫిర్యాదును పోలీసులు తీసుకోలేదు. ఆయన కోర్టుకెక్కి ఉత్తర్వు తెచ్చుకున్న తరవాతే, అంటే నెలలు గడిచాక, కేసు నమోదయింది. 2006 డిసెంబరు 29న ఒక ధనికుడి బంగళా వెనక మురికికాలువలో పుర్రెలూ ఎముకలూ బయటపడ్డాయి.

అప్పుడు దేశమంతా అట్టుడికింది. బంగళా యజమానినీ, అతని పనివాణ్ణీ అరెస్టు చేశారు. ఇద్దరికీ మరణశిక్షలు పడ్డాయి. పనివాడికి పన్నెండుకు పైగా కేసుల్లో. నరమాంసం తిన్నారని పత్రికలు పేజీలకు పేజీలు నింపాయి. చివరకు ఏమయింది? 2023 అక్టోబరు 16న అలహాబాదు హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులని విడిచిపెట్టింది. దర్యాప్తు సాగిన తీరును తీవ్రంగా తప్పుపట్టింది. అవయవాల వ్యాపారం కోణాన్ని పరిశోధించాలని కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ నియమించిన సంఘం సూచించినా ఆ పని జరగలేదని ఎత్తిచూపింది. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. పనివాడిపై మిగిలిన ఒక్క శిక్షనూ 2025 నవంబరులో కొట్టివేసింది. సుమారు 19 ఏళ్ళు జైల్లో మగ్గిన తరవాత!

అంటే ఈనాడు న్యాయస్థానాల దృష్టిలో నిఠారీ పిల్లలను చంపినవాడు ఎవడూ లేడు. ఎముకలున్నాయి, హంతకుడు లేడు. ఆ బస్తీ జనానికి మిగిలింది అనుమానం ఒక్కటే. పోలీసుల మీద అనుమానం, డబ్బున్నవాళ్ళ మీద అనుమానం, డాక్టర్ల మీద అనుమానం. చదువుకున్నవాళ్ళం ఈ అనుమానాన్ని ‘వదంతి’ అని చప్పరించేస్తాం. నేనలా చప్పరించలేను. నిజాన్ని తెలుసుకునే సాధనాలన్నీ రాజ్యం చేతిలో వున్నాయి. అవి పనిచెయ్యకపోతే జనం చేతిలో అనుమానం తప్ప ఇంకేముంటుంది? జనంలో అనుమానం ఎంతకాలం మిగిలితే, దర్యాప్తు అంతకాలంగా మిగిలిపోయిందన్నమాట.

అయితే జనం అనుమానమంతా న్యాయమైనదని నేననటం లేదు. అది మొదట ఎవరి మీద పడుతుందో గమనించాలి. ముందు మాయమైన పిల్ల మీద. తరవాత ఆమె ఫోనులో మాట్లాడిన కుర్రాడి మీద, ఆమెకు చదువు చెప్పించిన తల్లి మీద, కులం తక్కువ వాడి మీద, పొరుగూరి నుంచి వచ్చిన కూలీ మీద. అది పైకి పాకటం చాలా అరుదు. కిందికి జారటం మటుకు దాని సహజగుణం.

ఆ జారుడు ఎక్కడికి తీసుకుపోతుందో అదే 2019లో హైదరాబాదు శివార్లలో చూశాం. నవంబరు 27 రాత్రి శంషాబాదు దగ్గర ఒక యువ పశువైద్యురాలు కనిపించకుండా పోయింది. ఇంటివాళ్ళు వెంటనే పోలీసుల దగ్గరికి పరిగెత్తారు. ‘మా పరిధి కాదు’ అన్న జవాబు వచ్చిందనీ, లేచిపోయి వుంటుందన్న మాట కూడా వినవలసి వచ్చిందనీ వాళ్ళు చెప్పారు. కేసు నమోదులో జాప్యం చేసినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండు చేశారు. తెల్లవారేసరికి ఆమె కాలిన శవమై దొరికింది. డిసెంబరు 6న నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. జనం ఆ పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చింది.

రాత్రి స్టేషనులో వెతకటానికి చేతకాని రాజ్యం, పదిరోజులు తిరక్కుండానే కాల్చటానికి చేతయినదయింది. ఆ తుపాకీ మోతలో, ఆ రాత్రి ఎన్ని గంటలు వృథా అయ్యాయన్న ప్రశ్న అణగిపోయింది. తుపాకి పేలింది అందుకే గదా!

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2013 మే 10న సుప్రీంకోర్టు ‘బచ్‌పన్ బచావో ఆందోళన్’ కేసులో, 18 ఏళ్ళలోపు పిల్లలు కనిపించటం లేదని ఫిర్యాదు వస్తే అపహరణో అక్రమ రవాణానో జరిగిందనే భావించి కేసు నమోదు చెయ్యాలన్నది. అదే ఏడాది నవంబరు 12న లలితకుమారి కేసులో, విచారణకు తగిన నేరం జరిగినట్టు సమాచారం అందితే కేసు నమోదు చెయ్యటం తప్పనిసరి అన్నది. ఆ కేసు కూడా అపహరణకు గురయిన ఒక బాలిక తండ్రి ప్రాధేయపడితే వచ్చినదే. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త నేరవిచారణ చట్టం, పరిధితో నిమిత్తం లేకుండా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలంటున్నది. అంతా బాగానే వుంది. కాని పదిహేడేళ్ళ పిల్ల మాయమైతే ‘అపహరణ’ అని భావించే చట్టం, ఆమెకు పద్ధెనిమిది నిండిన మర్నాడు ఏమీ భావించదు. చట్టం వదిలిన ఆ ఖాళీని సంఘం తన పాతమాటతో పూరిస్తుంది. 2019 నుంచి 2021 దాకా మూడేళ్ళలో దేశంలో కనిపించకుండా పోయినట్టు నమోదయిన పద్ధెనిమిదేళ్ళు దాటిన స్త్రీలు 10,61,648 మంది అని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అసలు స్టేషనుదాకా రాని పేర్లు ఈ అంకెలో లేవు.

‘వీళ్ళలో చాలామంది నిజంగానే ఇష్టపడి పోయినవాళ్ళు, తిరిగివచ్చినవాళ్ళు’ అంటారు. కావచ్చు. జ్వరాలలో చాలావాటికి మందు వెయ్యకపోయినా తగ్గుతుంది. అందుకని వచ్చిన ప్రతిరోగినీ చెయ్యిపట్టి చూడకుండానే ఇంటికి పంపే డాక్టరును ఎవరైనా అనుభవజ్ఞుడంటారా?

ఇంతకంటె గట్టి ఆక్షేపణ ఒకటుంది. అది మన ప్రగతిశీల మిత్రుల నుంచే వస్తుంది. ‘ప్రేమించి వెళ్ళిపోయిన పిల్లను పోలీసుల చేత వెతికించి తండ్రికి అప్పగించమంటారా?’ అని. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, పై కులపు అమ్మాయిని పెళ్ళాడినందుకు ఒక దళిత యువకుణ్ణి ఆస్పత్రి ముందు, గర్భవతి అయిన భార్య కళ్ళెదుటే నరికించారు. ఆ కేసులో నల్లగొండ కోర్టు 2025 మార్చి 10న ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. హాజీపూరూ మిర్యాలగూడా ఒకప్పుడు ఒకే జిల్లా. అక్కడ పరువు వెతకనివ్వలేదు. ఇక్కడ పరువు వెతికించి చంపించింది. రెండుచోట్లా ఒకే సూత్రం: ఆడపిల్ల ఇంటి ఆస్తి. ఆస్తి పోయిందని నలుగురికీ తెలియటం అవమానం. పరాయివాడి చేతిలో పడటం అంతకుమించిన అవమానం. రెంటిలోనూ ఆ పిల్ల మనిషి కాదు.

కాబట్టి వెతకాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. ఎవరి తరఫున వెతకాలన్నదే ప్రశ్న. తండ్రి తరఫున కాదు, కులం తరఫున కాదు, ఆమె తరఫున వెతకాలి. కనిపించినప్పుడు అడగవలసిందల్లా ఒకటే: ‘నీ ఇష్టంతోనే వున్నావా?’ అవునంటే, క్షేమంగా వుందని మాత్రం ఇంటికి కబురు చెప్పి, ఆచూకీ చెప్పకుండా తిరిగి రావాలి. ఈ నియమం వుంటే ఇష్టపడి వెళ్ళిన పిల్లకూ భయం లేదు, బావిలో పడ్డ పిల్లకూ అన్యాయం జరగదు.

‘ఇవన్నీ పైపై సమస్యలు, ఉత్పత్తి సంబంధాలు మారితే అవే మారతాయి’ అనే మిత్రులు కూడా వున్నారు. వాళ్ళను ఒకసారి నిఠారీవైపు చూడమంటాను. ఆ కూలీల బదులు ఎదుటి బంగళాల పిల్ల మాయమై వుంటే పోలీసులు కోర్టు ఉత్తర్వు దాకా ఆగేవారా? హాజీపూర్‌లో సొంత కారున్న ఇంటి పిల్ల ఆ బండెక్కేదా? వర్గం వుండేది ఇక్కడే. దీన్ని వదిలిపెట్టి వర్గపోరాటాన్ని ఇంకెక్కడో వెతికేవాళ్ళు దాన్ని పుస్తకాల్లోనే కనుక్కుంటారు.

చలం ‘మైదానం’లో నాయిక తనను ‘లేచిపోయినది’ అనటాన్ని అసహ్యించుకుంది. ఆ నవల వచ్చి సుమారు నూరేళ్ళయింది. ఆ నవలను పాఠం చెప్పే ఉపాధ్యాయుల నోటనే, క్లాసుకు రావటం మానేసిన అమ్మాయిని గురించి ఈ మాట నేను విన్నాను.

ఉపాధ్యాయ మిత్రులకూ విద్యార్థులకూ ఈ సందర్భంలో ఒక పని చెప్పదలిచాను. ఆడపిల్ల రావటం లేదన్న సంగతి ఇంటి తరవాత మొదట తెలిసేది బడికే. హాజరు పట్టీ మన చేతిలోనే వుంది. మూడురోజులు రాని పిల్ల ఇంటికి మనిషిని పంపుదాం. ఇంటివాళ్ళు భయపడితే వాళ్ళ వెంట స్టేషనుకు వెళదాం. వాళ్ళు సంతకం పెట్టలేకపోతే మనమే పెడదాం. ఏ వయసు స్త్రీ కనిపించకపోయినా కేసు నమోదు చెయ్యాలనీ, నిరాకరించిన అధికారిని శిక్షించాలనీ, దొరికిన స్త్రీ మాటే చివరి మాట కావాలనీ, బడి వున్న ప్రతి వూరికీ బస్సు నడపాలనీ మన సంఘాల మహాసభల్లో తీర్మానించి, ప్రభుత్వం మెడలు వంచుదాం. వీటిలో ఏదీ విప్లవం వచ్చేదాకా ఆగవలసినది కాదు.