ఆ ఒక్క రాత్రి ఎక్కడ?

మన దగ్గర గర్భసంచి ఆపరేషన్ తెలియని ఇల్లు తక్కువ. పిన్నికో, పెద్దమ్మకో, పక్కింటి ఆంటీకో అయ్యే ఉంటుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్లు దేశంలో అందరికంటే ఎక్కువ తేలింది ఆంధ్రప్రదేశ్‌లో, ఆ తర్వాత తెలంగాణలో. అందుకే ఆ మాట వినగానే నాలుగైదు రోజుల ఆస్పత్రి బెడ్డు, క్యారేజీలో వచ్చే పథ్యం భోజనం, వరసపెట్టి వచ్చే చుట్టాలు గుర్తొస్తారు.

ఇదే ఆపరేషన్ ట్రాన్స్ మెన్ కూడా చేయించుకుంటారు. అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా, తాము మగవాళ్లమని తెలుసుకుని అలాగే బతికేవాళ్లు. అందరూ చేయించుకోరు, చేయించుకోవాలని రూలూ లేదు. చేయించుకునేవాళ్ల ముందు మాత్రం ఇప్పుడు ఒక ప్రశ్న ఉంది: పొద్దున ఆపరేషన్ అయితే సాయంత్రానికే ఇంటికెళ్లిపోవచ్చా, రాత్రి ఆస్పత్రిలోనే ఉండాలా?

వైద్యం వరకు జవాబు దాదాపు వచ్చేసింది. పొట్ట కోసి చేసే పాత పద్ధతైతే రోజులు పడుతుంది. ల్యాపరోస్కోపీలో పొట్ట మీద చిన్న చిన్న గాట్లు మూడో నాలుగో, అంతే. అమెరికా, కెనడాల్లో ఇలా చేయించుకున్న చాలామందిని అదే రోజు పంపేస్తున్నారు. వాళ్లు మళ్లీ ఆస్పత్రికి పరిగెత్తడం, రాత్రి ఉన్నవాళ్లకంటే ఎక్కువేమీ లేదని అక్కడి అధ్యయనాలు చెప్తున్నాయి. ట్రాన్స్ మెన్‌లో ఎక్కువమంది చిన్న వయసువాళ్లు, కాబట్టి లెక్క వాళ్లకి ఇంకా అనుకూలమే. కానీ రోజంతా డేటాతో కుస్తీ పట్టే నాకు ఒక డౌటు. ఇంటికి పంపింది ముందే వడపోసినవాళ్లనే కదా! గుండె జబ్బులాంటివి లేనివాళ్లని, రక్తం పెద్దగా పోనివాళ్లని, ఇంట్లో తోడుగా మనిషి ఉన్నవాళ్లని. అసలు కథంతా ఆ చివరి దాంట్లోనే ఉంది.

పంపేముందు చూసేవి ఏంటంటే, తాగిన నీళ్లు కక్కుకోకూడదు, లేచి నడవాలి, మాత్రలతో నొప్పి ఆగాలి, మూత్రం దానంతటదే రావాలి. ఆ రాత్రి భుజం లాగుతుంది. పొట్టకి ఆపరేషన్ చేస్తే భుజమేంటి అని కంగారుపడతారు గానీ, అది లోపలికి పంపిన గ్యాస్ వల్ల, మామూలే. మామూలు కానివి వేరే ఉన్నాయి: గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం, 100.4 దాటిన జ్వరం, మూత్రం ఆగిపోవడం, తగ్గకుండా పెరిగే నొప్పి, పిక్కలో వాపు, ఆయాసం. మత్తు పూర్తిగా వదలని మనిషి ఇవన్నీ తనే కనిపెట్టుకుని, అర్ధరాత్రి క్యాబ్ బుక్ చేసుకోలేడు.

మరి ఆస్పత్రిలోనే ఉంటే పోలా? అక్కడో తిప్పలు. బెడ్డు గైనిక్ వార్డులో ఇస్తారు. గడ్డం ఉన్న మనిషి అక్కడ పడుకుంటే పక్క బెడ్డు అటెండర్లు గుసగుసలు. రిజిస్టర్‌లో పాత పేరు, నర్సు పిలిచేది "అమ్మా" అని. డ్యూటీ మారినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. అలాంటి చోట ఒక్క పూట తగ్గినా చాలు అనుకోవడంలో తప్పేముంది?

అయితే వెళ్లేది ఎక్కడికి? అమెరికా పేషెంట్‌కి "ఇల్లు" అని రాస్తే సరిపోతుందేమో. ఇంట్లోంచి గెంటేస్తే అమీర్‌పేట పీజీలో ముగ్గురితో షేరింగ్‌లో ఉండేవాడికి అదే రోజు డిశ్చార్జి అంటే లిఫ్ట్ లేని మూడో అంతస్తు, కామన్ బాత్రూమ్, ఎందుకు ఆస్పత్రికి వెళ్లావని అడిగే ఓనరు. చాలామందికి చూసుకునేది స్నేహితులే. ఆ స్నేహితుడు రెండు రోజులు సెలవు పెట్టగలిగితే సాయంత్రానికే వచ్చేయడం హాయి. లేకపోతే వార్డులో గుసగుసలు భరించైనా ఆ రాత్రి ఉండటమే మేలని నా అభిప్రాయం.

దీంట్లో డబ్బు గొడవ కూడా ఉంది. మన ఆరోగ్య బీమా పాలసీల్లో లింగ మార్పిడి చికిత్సలకి వర్తించదని రాసే స్టాండర్డ్ క్లాజ్ ఒకటి ఉంది, ఎక్స్‌క్లూజన్ నంబర్ 07. మీ పాలసీ పీడీఎఫ్ తెరిచి చూడండి, చాలావాటిలో కనిపిస్తుంది. కొన్ని కంపెనీల గ్రూప్ పాలసీలు దీన్ని తీసేశాయి, హెచ్ఆర్‌ని అడిగితే పోయేదేం లేదు. మిగతావాళ్లకి ఒక రాత్రి రూమ్ అద్దె అంటే జేబులోంచే. కాబట్టి "నాకు బానే ఉంది, వెళ్లిపోతా" అన్నవాళ్లలో ఎంతమందికి నిజంగా బాగుందో, ఎంతమంది బిల్లు చూసి అన్నారో డాక్టర్ అడిగి తెలుసుకోవాలి.

డేట్ తీసుకునేటప్పుడే కొన్ని తేల్చుకోండి. అదే రోజు పంపుతామన్నా, ఆ సాయంత్రం మనసు మారితే ఉండనిస్తారా? విడి రూమ్ ఉందా? కేస్ షీట్ మీద పిలిచే పేరు రాస్తారా? అటెండర్‌గా రక్తసంబంధీకులే కావాలంటారా, స్నేహితుడు సరిపోతాడా? రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తేది డాక్టరా, సెక్యూరిటీనా?

ఇంకోటి, ఎప్పుడు ఇంటికొచ్చినా లోపలి కుట్లు మానడానికి దాదాపు ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా బరువులు వద్దు. పీజీలో 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తి డిస్పెన్సర్ మీద పెట్టే డ్యూటీ మీదైతే, ఇప్పుడే వేరేవాళ్లకి అప్పజెప్పండి.