నకలుకు సొంత పేరుంటే...

పెళ్లి పందిరి కళకళలాడుతోంది. పురోహితుడు మంత్రం అందుకోగానే మైకు 'కూ...' అంటూ కూత పెట్టింది. మూలన కూర్చున్న మైకుసెట్టు కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. వైరు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కూత ఆగింది. దాంతోపాటు మాటా ఆగిపోయింది! పెళ్లివారి చూపులన్నీ అతడి మీదే. పాపం, తప్పు అతడిదేనా? ఆ మైకు మీద పెద్ద కంపెనీ పేరుంది. ఆ పేరు చూసే అప్పుచేసి నాలుగు కొన్నాడు. లోపల సరుకే వేరు.

ఇది ఏ ఊళ్లోనైనా జరగగలిగేదే. అమెరికాకు చెందిన ష్యూర్ కంపెనీ ఎస్ఎం58 అనే మైకును 1966లో తెచ్చింది. వేదికల మీద దానికి ఎంత పేరుందో, నకిలీల బెడదా అంతే ఉంది. అదే జాలీ, అదే రంగు, అదే అట్టపెట్టె. ధర మాత్రం బాగా తక్కువ. పైగా 'ఫస్ట్ కాపీ సార్, తేడా ఏమీ ఉండదు' అనే భరోసా ఒకటి!

అయితే, ఒకరి వస్తువును చూసి మరొకరు తయారుచేయడమే నేరమా? కాదు. అందుకు లండన్‌లోనే ఓ చక్కటి ఉదాహరణ ఉంది.

1960ల మొదట్లో జిమ్ మార్షల్ అక్కడ సంగీత వాద్యాల దుకాణం నడిపేవాడు. దుకాణానికి వచ్చే కుర్రాళ్లకు అమెరికా ఫెండర్ కంపెనీ ఆంప్లిఫయర్లంటే మోజు. వాటి ధర చూస్తే గుండె గుభేల్! దాంతో మార్షల్, తన దగ్గర రిపేర్లు చేసే కెన్ బ్రాన్‌తో కలిసి ఫెండర్ 'బాస్‌మ్యాన్' సర్క్యూట్‌నే నమూనాగా తీసుకుని ఓ ఆంప్లిఫయర్ తయారుచేశాడు. స్థానికంగా దొరికే స్పీకర్లు, విడిభాగాలు వాడటంతో ధ్వనే మారింది. దాని మీద అతడు ఫెండర్ అని రాసుకోలేదు. మార్షల్ అని రాసుకున్నాడు. ఆ తర్వాత రాక్ సంగీతంలో ఆ పేరు ఎంత మోగిందో తెలిసిందే. నకలుగా మొదలైనదే మరో అసలు అయి కూర్చుంది.

పేరు మార్చినంత మాత్రాన అన్నీ సర్దుకుంటాయా అంటే అదీ లేదు. గిటార్ పెడళ్ల రూపం, రంగులు తమ బాస్ పెడళ్లను పోలి ఉన్నాయంటూ జపాన్‌కు చెందిన రోలాండ్ 2005లో బెహ్రింగర్ కంపెనీపై అమెరికాలో దావా వేసింది. బెహ్రింగర్ తన పెడళ్ల రూపం మార్చుకుంది. 2006లో రాజీ కుదిరింది. పేరు వేరైనా, పైరూపం చూసి కొనేవాడు పొరబడితే చిక్కే!

మన చట్టమూ ఇదే దారిలో ఉంది. పేటెంటు గడువు 20 ఏళ్లు. డిజైను రిజిస్ట్రేషన్‌కు 10 ఏళ్లు, ఆపై మరో అయిదేళ్లు పొడిగింపు. ఆ గడువులు దాటితే పాత పనితనాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. ట్రేడ్‌మార్కు సంగతి వేరు. పదేళ్లకోసారి రెన్యువల్ చేయిస్తే ఎప్పటికీ చెల్లుతుంది. అంటే పనితనానికి ఆయుష్షు ఉంది, పేరుకు లేదు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం దొంగ పేరు వేసినవారికే కాదు, ఆ సరుకు అమ్మినవారికీ ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా. తెలియక అమ్మానంటే సరిపోదు. తగిన జాగ్రత్తలు తీసుకున్నానని, అనుమానించడానికి కారణమే లేదని నిరూపించుకోవాలి. లేదా సరుకు ఎక్కడ కొన్నదీ చెప్పాలి.

'కొనేవాడికి తెలిసే కొంటున్నాడు కదా!' అనేది అమ్మేవారి వాదన. మొదట కొన్నవాడికి తెలిసి ఉండొచ్చు. అతడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడికి? మైకు పట్టుకుని పాడేవారికి? అబద్ధం ఒక్క చేతిలో ఆగదు.

అందుకే కొనేముందు కాస్త నిదానం అవసరం. ష్యూర్ లెక్క ప్రకారం ఎస్ఎం58 బరువు 298 గ్రాములు. తూకం తేలిపోతే అనుమానించాల్సిందే. సరైన తూగినంత మాత్రాన అసలుదనీ కాదు. అధీకృత డీలరా, బిల్లు ఇస్తున్నాడా, వారంటీ ఉందా... ఈ మూడూ చూసుకోవాలి.

ఇక మన మైకుసెట్టు కుర్రాడి సంగతి. నాలుగు మైకులూ నకిలీవని తేలిపోయింది. అట్టపెట్టెలు చెక్కుచెదరలేదు. పక్క ఊరి వాడికి అసలువని చెప్పి అంటగడితే అప్పు తీరిపోతుంది. ఒక్క మాట చాలు! కానీ ఆ మాటతో నిన్నటిదాకా మోసపోయినవాడు ఇవాళ మోసగాడవుతాడు. చట్టం ముందూ నిలబడాల్సి వస్తుంది.

ఇంకో దారి ఉంది. బిల్లు పట్టుకుని దుకాణానికి వెళ్లి డబ్బు వెనక్కి అడగాలి. కాదంటే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పుకోవాలి. బతుకుతెరువు కోసం స్వయంఉపాధికి కొన్నవారిని కూడా చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. ఈ దారిలో డబ్బు రావడం ఆలస్యం కావచ్చు. కానీ వచ్చే ముహూర్తానికి మైకులు కట్టమని పిలవాలంటే ఊరు చూసేది కంపెనీ పేరు కాదు, అతడి పేరే!