ప్రొఫెసర్ అయితే సరిపోతుందా, మన సీటు ఎక్కడ?

"ముందు పీహెచ్‌డీలు చెయ్యండి, ప్రొఫెసర్లు అవ్వండి, రాజకీయం దానంతటదే మీ గుమ్మంలోకొస్తది" అని మన సీనియర్లు కొందరు చెప్తా ఉంటారు. చదువు మీద మాకు కోపం లేదు. కానీ జలదంకి యానాది పిల్లోడికి ఈ మాట చెప్తే అది సగం అబద్ధమే.

అజ్మీరా సీతారాం నాయక్ గారి పేరు చూపిస్తారు. కాకతీయ యూనివర్సిటీ ప్రొఫెసర్, 2014లో మహబూబాబాద్ ఎంపీ. నిజమే. అది ఎస్టీ రిజర్వుడు స్థానం అనే మాట మాత్రం ఎందుకు మింగేస్తారు? 2019లో పార్టీ ఆయన్ని పక్కనబెట్టి మాలోత్ కవిత గారికి టికెట్టిచ్చింది. 2024లో ఆయన బీజేపీ నుంచి నిలబడి ఓడిపోయారు, బలరాం నాయక్ గారు గెలిచారు. అంటే ప్రొఫెసర్‌గిరీ టికెట్టును కూడా కాపాడలేదు. అయినా ఎవరు గెలిచినా గిరిజనులే గెలిచారు, ఎందుకంటే సీటు వాళ్ళది. సీతక్క గారిదీ అంతే. 2009లోనే ములుగు ఎమ్మెల్యే, ఉస్మానియా డాక్టరేట్ వచ్చింది 2022లో. ములుగూ ఎస్టీ సీటే.

ఇంకా దూరం పోదాం. చిలీలో ఎలిసా లోంకోన్ అని మాపుచే తెగ ఆడమనిషి, భాషాశాస్త్రం ప్రొఫెసర్. 2021 జులై 4న ఆ దేశ రాజ్యాంగ సభకు అధ్యక్షురాలైంది, తన తెగ భాషలో మొదలుపెట్టి మాట్లాడింది. ఆమె సభలోకి వచ్చింది 155 సీట్లలో ఆదివాసీలకు కేటాయించిన 17లో ఒకదాని నుంచి. వాళ్ళు రాసిన ముసాయిదాను మరుసటేడు జనం ఓడించారు, అది వేరే కథ.

మరి మనకో? ఆంధ్ర అసెంబ్లీ 175లో ఎస్టీ సీట్లు 7. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. పోలవరం దాటి కిందికి ఒక్కటీ లేదు. 2011 లెక్కల్లో నెల్లూరు జిల్లా జనంలో పదో వంతుకు దగ్గరగా ఎస్టీలే, ఎక్కువమంది యానాదులు. ఉదయగిరి జనరల్, ఆత్మకూరు జనరల్. మనోళ్ళు ఒకచోట గుంపుగా లేరు కాబట్టి లేరన్నట్టే లెక్క!

ఇది ఊరికే జరిగింది కాదు. 2002 డీలిమిటేషన్ చట్టం ఎస్సీ సీట్లను రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాలకు పంచమంటుంది. ఎస్టీ సీట్లకు ఆ మాట లేదు. వాళ్ళ జనాభా శాతం ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువో అక్కడే పెట్టమంటుంది. కొండ మీదోళ్ళకు అది న్యాయమే, వాళ్ళ సీటు ఒక్కటి కూడా లాక్కోమని మేం అనడం లేదు. మైదానంలో చెరువు కట్టల మీద చెదిరిపోయిన తెగలకు ఎస్సీలకు పెట్టిన నియమమే పెట్టండి అంటున్నాం.

కొందరు "సర్పంచ్ రిజర్వేషన్ ఉందిగా" అంటారు. రొటేషన్‌లో వచ్చే ఆ కుర్చీలో మనవాణ్ణి కూచోబెట్టి వెనకనుంచి చెక్కు సంతకాలు ఎవరు పెట్టిస్తారో మనకు తెలీదా?

2026 తర్వాత జరిగే మొదటి జనగణనతో మళ్ళీ నియోజకవర్గాల లెక్క మొదలవుతుంది. రొయ్యల గుంటల కాపలాకు పోయినోళ్ళు, కుల సర్టిఫికెట్ లేనోళ్ళు ఆ లెక్కలో పడకపోతే తర్వాత ఏ అర్జీ పనికిరాదు. కాబట్టి డిగ్రీ చదివే ప్రతి ఒక్కరూ ఈ సెలవుల్లో మీ సంఘంలో ఇళ్ళు ఎన్ని, మనుషులు ఎంతమంది, వలస పోయినోళ్ళు ఎవరు అని రాసి పెట్టండి. జలదంకి మండలంలో మేం మొదలుపెట్టాం. ఉదయగిరి, ఆత్మకూరు వాళ్ళు ఎవరు చేస్తారో పేర్లు చెప్పండి.