చేసిపెట్టొద్దు, చూపించండి!

మా ఇంట్లో నేను కంప్యూటర్ ముందు కూర్చోగానే నా వెనకాల ఒక మనిషి వచ్చి నిలబడతాడు. ఒకసారి మావారు, ఒకసారి మా అబ్బాయి, పండక్కి వస్తే మా మేనల్లుడు. మనుషులు మారతారు గాని మాట ఒక్కటే: "ఇలా తే, నేను చేసిపెడతా." అంటూనే నా చేతి కింద నుంచి మౌస్ లాక్కుంటారు. టకటకా నాలుగు నొక్కులు. "అయిపోయింది, చూశావా?" అంటారు. చూశాను. వాళ్ళ వీపు చూశాను.

దీన్ని లోకంలో సాయం అంటారు. నేను మాత్రం ఒప్పుకోను. కోపంతో అంటున్నాననుకుంటారేమో. కోపం కూడా ఉంది లెండి. కాని దానికో కారణం ఉంది, వినండి.

మా అమ్మ చేతిరాతతో ఒక పాటల పుస్తకం నా దగ్గరుంది. మంగళహారతులు, తలంటు పాటలు, అప్పగింతల పాటలు. కాగితాలు అప్పడాల్లా విరిగిపోతుంటే, అన్నీ కంప్యూటర్లో ఎక్కించి అక్కచెల్లెళ్ళకి తలా ఒక ప్రతి ఇద్దామని మొదలుపెట్టాను. పుస్తకంలో లేనివి మరో పదకొండు మా పిన్ని ఫోన్లో పాడుతుంటే విని టైపు కొట్టాను. నాలుగు నెలల పని. ముప్ఫై పేజీలయింది.

ఒక మధ్యాహ్నం షిఫ్ట్ మీట నొక్కబోతే వేలు జారి దాని కిందనున్న కంట్రోల్ మీద పడింది. రెండో వేలు 'ఏ' మీద ఉంది. పేజీలన్నీ ముసుగేసుకున్నట్టు ఒక్కసారి రంగు మారాయి. ఇదేమిటా అని ఇంకో అక్షరం నొక్కాను. ముప్ఫై పేజీలూ మాయం! తెల్లటి తెర మీద ఒక్క అక్షరం మిగిలింది. ఇంకేం నొక్కితే ఇంకేం పోతుందోనని గబగబా మూసెయ్యబోయాను. మార్పులు సేవ్ చెయ్యాలా అని అది మర్యాదగా అడిగింది. అడిగింది కదా అని సరేనన్నాను.

సాయంత్రం మావారు చూసి "అయ్యో" అన్నారు. మా అబ్బాయి ఫోన్లో, "మూసే ముందు కంట్రోల్ జెడ్ కొడితే అన్నీ తిరిగొచ్చేవి కదమ్మా! ఆ మాత్రం తెలీదా?" అన్నాడు.

ఆ మాత్రం తెలీదా! ఇన్నేళ్ళుగా నా చేతిలోంచి మౌస్ లాక్కున్నవాళ్ళలో ఒక్కరైనా ఆ మాత్రం చెప్పారా?

పుస్తకంలోని పాటలు మళ్ళీ కొట్టుకున్నాను. పిన్ని పాటలు కొట్టలేకపోయాను. అప్పటికి పిన్ని పోయి రెండు నెలలైంది. పదకొండింటిలో నాకు నోటికొచ్చినవి నాలుగు. రెండు మీటల సంగతి తెలియక ఏడు పాటలు పోయాయి.

మీరే చెప్పండి. కూరలో ఉప్పెక్కువైతే వెనక్కి తీసుకునే మీట లేదు. నోరుజారిన మాటకీ లేదు. ఈ ప్రపంచంలో చేసిన తప్పు వెనక్కి తీసుకునే సదుపాయం ఉన్న చోటు ఇదొక్కటే. అది కూడా మనకి చెప్పరు!

పోనీ, ఇవి మహాపండితులకి మాత్రమే తెలియాల్సిన గుప్తవిద్యలా? కానేకావు. 1970లలో అమెరికాలో జిరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు 'జిప్సీ' అని ఒక రాతపని ప్రోగ్రాం తయారుచేశారు. ఎవరికోసమనుకున్నారు? పాఠ్యపుస్తకాలు ప్రచురించే సంస్థలో పనిచేసే ఎడిటర్ల కోసం. రాతప్రతులు కత్తిరించి అతికించుకునే మామూలు మనుషుల కోసం. కట్, పేస్ట్ అనే మాటలు కత్తెరా జిగురూ ఉన్న బల్ల మీద నుంచి వచ్చినవే. తరవాత 1983లో ఆపిల్ వారు 'లీసా' అనే కంప్యూటర్ తెచ్చినప్పుడు, కింది వరసలో ఎడమచేతి పక్కన ఉన్న జెడ్, ఎక్స్, సి, వి మీటల్ని ఈ పనులకి కేటాయించారు. జెడ్ చేసినది వెనక్కి తీసుకోవడానికి, ఎక్స్ కత్తిరించడానికి, సి నకలు తియ్యడానికి, వి అతికించడానికి. నేటికీ అవే. టెస్లర్ 2020లో కన్నుమూశాడు. కంప్యూటర్ ఎరగని వాళ్ళని దాని ముందు కూర్చోబెట్టి, వాళ్ళెక్కడ తడబడుతున్నారో గమనించి ప్రోగ్రాంని దిద్దుకోవడం ఆయన పద్ధతి. కనిపెట్టినవాడికున్న ఓర్పు మన ఇంట్లో వాళ్ళకి లేదు. అదీ సంగతి!

"ఈ వయసులో ఇవన్నీ ఏం గుర్తుంటాయి?" అని ఒక వాదన. పదిహేను చుక్కల ముగ్గు సందుచుక్కతో సహా గుర్తున్న మనిషిని నేను. ఎవరింట్లో తద్దినం ఏ తిథినాడో, ఎవరమ్మాయి ఎవరికి మేనకోడలో అడిగితే నిద్రలో చెబుతాను. నాకు నాలుగు మీటలు గుర్తుండవా?

"మౌస్ ఉందిగా, ఇవెందుకు?" అని ఇంకో వాదన. ఉంది. కట్టెల పొయ్యీ ఉండేది. గ్యాసెందుకు తెచ్చుకున్నాం?

ఇక వాట్సాప్‌లో 'తప్పక తెలుసుకోవలసిన వంద చిట్కాలు' పంపేవాళ్ళున్నారు. వంద ఒక్కసారి పంపడమంటే ఒక్కటీ నేర్పకుండా తప్పించుకోవడమే. కాపరానికొచ్చిన మొదటిరోజే కోడలికి వంద వంటలు వల్లించిన అత్తగారిని మనం ఏమంటాం?

అత్తగారంటే గుర్తొచ్చింది. న్యాయంగా మాట్లాడాలంటే నా మీదా ఒక ఫిర్యాదుంది. మా కోడలు కొత్తలో పులిహోరకి పోపు పెడుతుంటే గరిటె లాక్కుని, "నువ్వుండమ్మా, నేను చేసేస్తా" అన్నాను. ఒక్కసారి కాదు, ఏడాది పైగా. ప్రేమే అనుకున్నాను. తన ఇంట్లో ఆ పిల్ల చక్కగా వండుకుంటుంది. మా ఇంటికొచ్చి పోపు పెట్టాలంటే ఇప్పటికీ నా మొహం చూస్తుంది. ఆ చూపు ఎలాంటిదో కంప్యూటర్ ముందు కూర్చున్నాక గాని నాకు తెలిసిరాలేదు. చేతిలో పని లాక్కుంటే పని అవుతుంది, నిజమే. మనిషికి మాత్రం నాకు రాదన్న భయం మిగులుతుంది.

మనవైపూ తప్పుంది. "మాకవన్నీ తెలీవమ్మా" అనడంలో ఒక సుఖం ఉంది. ఆ సుఖం ఖరీదు నాకు ఏడు పాటలు.

చివరికి నాకు నేర్పింది పక్కింట్లో ఇంటర్ చదివే అమ్మాయి. "మామ్మగారూ, నేను చేతులు కట్టుకుంటాను, మీరే నొక్కండి" అంది. ఏదో పనికిరాని ఉత్తరం తెరిపించి, మొత్తం చెరిపెయ్యమంది. నా చెయ్యి వణికింది. "చెరపండి, ఏం కాదు" అంది. చెరిపాను. కంట్రోల్ పట్టుకుని జెడ్ నొక్కించింది. అంతా తిరిగొచ్చింది! మళ్ళీ చెరిపాను, మళ్ళీ రప్పించాను. పదిసార్లు చేసుంటాను. ఆ పూటతో నా భయం తీరింది.

ఆ తరవాత వారానికొకటి చొప్పున నేర్చుకున్నాను. కంట్రోల్ ఎస్ నొక్కితే రాసినది భద్రం. పేరా రాయగానే ఒకసారి నొక్కడం అలవాటు చేసుకున్నాను. కంట్రోల్ ఎఫ్ నొక్కి పేరు కొడితే ఆ మాట ఎక్కడున్నా వెతికి చూపిస్తుంది. ఇంటర్నెట్ చూస్తున్నప్పుడు కంట్రోల్‌తో ప్లస్ గుర్తు నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి, కళ్ళజోడు వెతుక్కోనక్కర్లేదు. పొరపాటున మూసేసిన పేజీ కంట్రోల్, షిఫ్ట్, టి కలిపి నొక్కితే తిరిగొస్తుంది. తెలుగు కీబోర్డు పెట్టించుకున్నాక, విండోస్ మీట పట్టుకుని స్పేస్ నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చేస్తాను. బ్యాంకు పని మధ్యలో తలుపు చప్పుడైతే, విండోస్ మీటతో ఎల్ నొక్కి తాళం వేసి లేస్తాను.

రెండు జాగ్రత్తలు. ఫైలు మూసేశాక జెడ్ మంత్రాన్ని నమ్ముకోకండి. ఏమైనా పోతే కంగారుపడి మూసెయ్యకుండా ముందు అది నొక్కండి. షిఫ్ట్‌తో కలిపి డిలీట్ కొడితే ఫైలు చెత్తబుట్టలోకి కూడా వెళ్ళదు, నేరుగా పోతుంది.

మొన్న నేను పాటలకి విషయసూచిక రాస్తుంటే, వెనకాల అలికిడయింది. మావారు. చెయ్యి ముందుకొచ్చింది. "ఇలా తే..."

నేను తల తిప్పకుండానే పక్క కుర్చీ చూపించాను. "కూర్చుని నోటితో చెప్పండి. చెయ్యి నాది."

కూర్చున్నారు. చెప్పారు. మధ్యలో రెండుసార్లు ఆయన చేతులు ఆయనే పట్టుకోవలసి వచ్చింది పాపం!